మైదానంలో ఉండగానే లా పట్టా

1978లో అలన్ పేజ్ చేతికి లా డిగ్రీ వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో కొలువు పోయింది. అదేమీ చిన్నాచితకా కొలువు కాదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో అగ్రశ్రేణి లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, మిన్నెసోటా వైకింగ్స్ జట్టుకు 1967 నుంచి డిఫెన్స్ లైన్‌లో మూలస్తంభంగా ఉన్న మనిషి ఆయన. 1971లో లీగ్ మొత్తానికి అత్యంత విలువైన ఆటగాడిగా అసోసియేటెడ్ ప్రెస్ ఎంపిక చేసింది ఆయన్నే. అంతకుముందు ఏ డిఫెన్స్ ఆటగాడికీ ఆ గౌరవం దక్కలేదు. అలాంటివాణ్ని సీజన్ మధ్యలో వదిలించుకున్నారు. షికాగో బేర్స్ జట్టు 100 డాలర్ల ఫీజు కట్టి తీసుకుపోయింది.

ముప్పై మూడేళ్ల వయసులో అంత దెబ్బ తగిలితే ఎవరికైనా కాళ్లకింద నేల కదులుతుంది. పేజ్‌కు మాత్రం అప్పటికే రెండో దారి సిద్ధంగా ఉంది. కెరీర్ గురించి అడిగే పిల్లలకు ఎక్కడో అమెరికా ఆటగాడి కథ చెప్పడం ఎందుకంటే, రెండో వృత్తికి సన్నాహం మొదటిది ఊడిన తర్వాత కాదు, అది బ్రహ్మాండంగా నడుస్తున్నప్పుడే చేసిన మనిషి కాబట్టి.

ముందు మైదానంలో ఆయన పనేమిటో చూద్దాం. బంతి ఎదుటి జట్టు దగ్గర ఉన్నప్పుడు అడ్డుకునేవాళ్లలో మొదటి వరసలో ఉండేవాళ్లు డిఫెన్స్ లైన్‌మెన్. ముగ్గురో నలుగురో ఉంటారు. ఒక చెయ్యి నేలకు ఆనించి, నడుం వంచి, చూపు బంతి మీదే పెట్టి కాచుకుంటారు. బంతి కదిలిందా, లేచి ఎదురుగా ఉన్న కొండలాంటి మనిషిని ఢీకొట్టాలి. ఒక్కోసారి ఇద్దరు కలిసి మీద పడతారు. వాళ్ల చేతులు విదిలించి, భుజం దించి, సందు దొరకబుచ్చుకుని దూరి, బంతి విసరబోయే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టాలి. అంతా కొద్ది సెకన్లలో తేలిపోతుంది. మళ్లీ లేచి వరసలో నిలబడాలి. మ్యాచ్ అయ్యేదాకా ఇదే తంతు. కబడ్డీలో రైడర్ కాలు పట్టే కార్నర్ ఆటగాణ్ని గమనించినవాళ్లకు ఇది సులువుగా బోధపడుతుంది: కండబలం ఉంటే సరిపోదు, ఎదుటివాడికన్నా రెప్పపాటు ముందు కదలాలి. పేజ్ ప్రత్యేకత అదే. ఆయన బరువు సుమారు 110 కిలోలు. ఆ స్థానంలో ఆడేవాళ్లలో అది తక్కువే.

ఈ పనికి ఒంటితో మూల్యం చెల్లించాలి. పేజ్ చిటికెన వేలు ఆటలో పలుమార్లు కీలు తప్పి, చివరికి పక్కకు తిరిగి అలాగే నిలిచిపోయింది. ఆయన బడులకు వెళ్తే పిల్లలు ముందు అడిగేది ఆ వేలి గురించేనట. తర్వాత కూతురితో కలిసి దాని మీదే ఒక పిల్లల పుస్తకం రాశారు. అందరి దెబ్బలూ ఇలా నవ్వుకునేవి కావు. తలకు పదే పదే తగిలే దెబ్బలతో మెదడు దెబ్బతిన్న మాజీ ఆటగాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు.

ఇక కొలువు భద్రత. లీగ్‌లో 32 జట్లు, ఒక్కో జట్టుకు 53 మంది. ఒక ఆటగాడి సగటు కెరీర్ మూడేళ్లకు కాస్త పైన మాత్రమేనని ఆటగాళ్ల సంఘం లెక్క. అంటే పాతికేళ్ల వయసుకే 'మాజీ' అయిపోయేవాళ్లు కొల్లలు. పదిహేను సీజన్లు ఆడిన పేజ్ అరుదైన మినహాయింపు. విచిత్రమేమిటంటే, ఆట రేపే ఆగిపోతుందన్నట్టు సిద్ధపడింది కూడా ఆయనే.

ఆయన పుట్టింది 1945లో, ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో. ఉక్కు కర్మాగారాల ఊరు. కుర్రాళ్లు చదువయ్యాక మిల్లులో చేరడం అక్కడ మామూలే. రోజూ ఒకే పని చేసే ఆ బతుకు తనకొద్దని చిన్నప్పుడే అనుకున్నారట. పెర్రీ మేసన్ కథల్లోని లాయరును చూసి నాలుగో తరగతి నాటికే లాయరు కావాలన్న కోరిక పుట్టింది. ఫుట్‌బాల్ వచ్చింది ఆ తర్వాత, తొమ్మిదో తరగతిలో. ఈ వరస గుర్తుపెట్టుకోండి. ఆటలో ఓడిపోయి చదువు వైపు తిరిగిన మనిషి కాదాయన. ముందునుంచీ కోరుకున్నది లా, మధ్యలో ఆట అద్భుతంగా కలిసొచ్చింది. కాంటన్‌లో ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ భవనం కడుతున్నప్పుడు కుర్రాడిగా అక్కడ కూలిపని చేశారు. 1988లో అదే హాల్‌లో ఆయనకు చోటు దక్కింది.

నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పొలిటికల్ సైన్స్ చదివి, కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1967లో పదిహేనో ఆటగాడిగా వైకింగ్స్‌కు ఎంపికయ్యారు. చేరిన కొత్తలోనే లా కాలేజీలో అడుగుపెట్టి, మూడు వారాలకే మానేశారు. విజయగాథలు రాసేవాళ్లు ఈ ముక్క దాటేస్తుంటారు. నాకైతే కథలో అసలు భాగం ఇదే అనిపిస్తుంది. మానేసిన కోర్సును 'మనవల్ల కాదు' ఖాతాలో వేసి మూసేయకుండా, కొన్నేళ్లాగి 1975లో యూనివర్సిటీ ఆఫ్ మిన్నెసోటా లా స్కూల్‌లో మళ్లీ చేరారు. ఈ మధ్యకాలమూ వృథా పోలేదు. 1970 నుంచి ఆటగాళ్ల సంఘంలో వైకింగ్స్ ప్రతినిధిగా ఉన్నారు. జీతాలు, ఒప్పందాలు, యాజమాన్యంతో బేరాలు, 1974 సమ్మె... చట్టం పుస్తకంలో కాక జీవితంలో ఎలా నడుస్తుందో దగ్గర్నుంచి చూశారు. మీరిప్పుడు చేస్తున్న ఉద్యోగంలోనూ రేపటి వృత్తికి పనికొచ్చే పని ఏదో మూల ఉంటుంది. సాధారణంగా అదనపు జీతం రాని పని అదే అవుతుంది, అందుకే ఎవరూ ముట్టుకోరు.

చదువుతోపాటు పరుగు కూడా అలవాటైంది. భార్య సిగరెట్లు మానే ప్రయత్నంలో పరుగు మొదలుపెడితే ఆయనా తోడయ్యారు. బరువు బాగా తగ్గింది. లైన్‌లో నిలబడటానికి ఈ బరువు చాలదని కోచ్ బడ్ గ్రాంట్ అభిప్రాయం. అక్టోబరులో వదిలేయడానికి నేపథ్యం ఇది. బేర్స్ ఎందుకు తీసుకున్నట్టు? అప్పటి వాళ్ల హెడ్ కోచ్ నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతకుముందు వైకింగ్స్ డిఫెన్స్‌కు కోచ్. చంద్రుడి మీద కాలుపెట్టినాయన కాదు లెండి, పేరొక్కటే. పేజ్ ఏం చేయగలరో ఏళ్ల తరబడి చూసిన మనిషి. ఒకచోట పనికిరాడన్న వాణ్ని ఇంకోచోట పిలిచి కూర్చోబెట్టేది రెజ్యూమే కంటే ఎక్కువగా పాత సహోద్యోగులే. ఆ తగ్గిన బరువుతోనే పేజ్ షికాగోలో 1981 దాకా ఆడారు. ఆడుతూనే 1979లో మారథాన్ కూడా పూర్తిచేశారు.

మైదానం నుంచి జడ్జి పీఠానికి ఎగిరి దూకలేదాయన. 1979లో మినియాపొలిస్‌లోని ఒక లా సంస్థలో చేరారు, అప్పటికింకా ఆట మానలేదు. 1985లో మిన్నెసోటా అటార్నీ జనరల్ కార్యాలయానికి మారారు. అక్కడ రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తుల్ని ప్రజలు ఓటేసి ఎన్నుకుంటారు. పేజ్ పోటీ చేయాలనుకుంటే, సిటింగ్ జడ్జి పదవీకాలం పొడిగించి ఎన్నికే లేకుండా చేయబోయారు. పేజ్ దావా వేసి గెలిచి, 1992 ఎన్నికలోనూ గెలిచారు. 1993 జనవరిలో ఆ కోర్టులో తొలి నల్లజాతి న్యాయమూర్తిగా కూర్చుని, 2015లో డెబ్బై ఏళ్లు నిండి నిబంధన ప్రకారం దిగిపోయేదాకా కొనసాగారు. 2018లో ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ వచ్చింది.

1988 నాటి హాల్ ఆఫ్ ఫేమ్ వేడుకకు తిరిగొద్దాం. అక్కడ తనను పరిచయం చేయడానికి ఆటగాళ్లు సాధారణంగా కోచ్‌నో పాత సహచరుణ్నో పిలుచుకుంటారు. పేజ్ పిలిచింది మినియాపొలిస్‌లోని ఒక హైస్కూల్ ప్రిన్సిపాల్‌ను. ఆ ఏడాదే పెట్టిన పేజ్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్ స్కాలర్‌షిప్‌కు ఒక షరతుంది: డబ్బు అందుకున్న కాలేజీ విద్యార్థి చిన్న తరగతుల పిల్లలకు చదువులో తోడు నిలవాలి.

మన పిల్లల్లో ఎవరైనా ఈ లైన్‌లో నిలబడతారా? డాలస్ దగ్గర ఫ్రిస్కోలో తెలుగు కుటుంబాలు ఎన్నో. డాలస్ కౌబాయ్స్ జట్టు ప్రధాన కార్యాలయమూ ఆ ఊళ్లోనే. అక్కడి హైస్కూల్లో చేరిన కుర్రాడు ప్రయత్నించవచ్చు. ఇక్కణ్నుంచి బయల్దేరేవాళ్లకు మాత్రం ఆ ఆశ పెట్టను. ఆట చుట్టూ ఉన్న పనులు వేరే సంగతి. డేటా సైన్స్ చదివేవాళ్లు ఎన్‌ఎఫ్‌ఎల్ ఏటా జరిపే బిగ్ డేటా బౌల్ పోటీని కాగుల్ (Kaggle) వెబ్‌సైట్‌లో చూడండి. ఆటగాళ్ల భుజకవచాల్లోని చిప్‌లు పంపిన కదలికల వివరాలే అక్కడ ముడిసరుకు. 2023 పోటీలో అంశం లైన్‌మెన్ పనితీరే.

పేజ్‌లా ఉద్యోగం చేస్తూ లా చదవాలనుకునే డిగ్రీవాళ్లకు తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో లాసెట్ ద్వారా మూడేళ్ల ఎల్ఎల్‌బీ ఉంది. జనరల్ అభ్యర్థులకు డిగ్రీలో 45 శాతం మార్కులుండాలి. అయితే ఇది రెగ్యులర్ కోర్సు, హాజరు నిబంధన ఉంటుంది. ఇంకో తేడా పెద్దది. పేజ్ ఒక పక్క జీతానికి ఆడుతూ మరో పక్క లాయరుగా పనిచేయగలిగారు. మన దగ్గర న్యాయవాదిగా నమోదయ్యాక పూర్తికాలపు జీతం ఉద్యోగం చేయడాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. కాబట్టి పట్టా చేతికొచ్చాక ఏ తేదీన ఉద్యోగం వదులుతారు, ప్రాక్టీసు నిలదొక్కుకునేదాకా ఇల్లు దేనిమీద నడుస్తుంది అన్న లెక్క కోర్సులో చేరకముందే ఇంట్లో కూర్చుని వేసుకోండి.