బంగారం ఎట్లా వెతుకుతారు?



బంగారాన్ని మనం అంగట్లో అద్దాల వెనకాల చూస్తాం. అది మన కుప్పం పక్కన భూమిలో కూడా ఉంది. సైన్సులో సాంద్రత పాఠం అయినాక నేను తెలుసుకున్నది రాస్తున్నాను.

గాలించడం: మనం బియ్యం గాలిస్తాం గదా. బియ్యం నీళ్ళతో పక్కకు పోతాయి, రాళ్ళు అడుగున నిలుస్తాయి. బంగారం వెతికేదీ ఇట్లే. పలుగురాయి సాంద్రత 2.65. బంగారం సాంద్రత 19.3. అంటే ఏడింతల కన్నా ఎక్కువ బరువు. వాగు ఇసకను తట్టలో పోసి నీళ్ళతో తిప్పితే ఇసక పోతుంది, బంగారు రజను ఉంటే అడుగున మిగులుతుంది.

నేను చేసిన ప్రయోగం: మా తాత చెరువులో చేపలు పడతాడు. వల అంచుకు కట్టే సీసపు గుండ్లు రెండు అడిగి తెచ్చినాను. అన్నం తట్టలో ఇసకలో కలిపి, కొళాయి దగ్గర తిప్పినాను. ఇసకంతా పోయింది. రెండు గుండ్లూ మిగిలినాయి! మీరూ చేయండి. తర్వాత గుండ్లనూ చేతులనూ సబ్బుతో కడగండి, సీసం విషం.

మన దగ్గర: 1802లో జాన్ వారెన్ అనే సర్వే అధికారి కోలారు వైపు వచ్చినాడు. బంగారం చూపినవారికి బహుమానం ఇస్తానన్నాడు. ఊరివాళ్ళు మట్టి తెచ్చి, ఆయన ముందరే కడిగి రజను చూపినారు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది. నల్లరాతి మధ్య తెల్ల పలుగురాయి చారలు ఉంటాయి. వాటి వెంబడే తవ్వుతా 3 కిలోమీటర్ల కంటే లోతుకు పోయినారు. టన్ను రాయికి కొన్ని గ్రాములే బంగారం. 2001లో కోలారు గనులు మూసేసినారు. మన చిగురుగుంట, బిసానత్తం గనులు కూడా అప్పుడే మూతపడినాయి. మా పెదనాయన చిగురుగుంటలో కూలి. తర్వాత రైలెక్కి బెంగళూరుకు సిమెంటు పనికి పోయినాడు.

మంచు దేశంలో: 1896లో కెనడా ఉత్తరాన క్లోండైక్ దగ్గర ఒక వాగులో బంగారం దొరికింది. ముందు చూసింది కెయిష్ అనే ఆదివాసి అని అతని వాళ్ళు చెబుతారు. కానీ కాగితంలో మొదట రాయించుకున్నది కార్మాక్ అనే తెల్లాయన.

వారెన్‌కు మట్టి కడిగి చూపినవాళ్ళ పేర్లు నేను చదివిన పుస్తకాల్లో లేవు. జేజికి ఇది చెప్తే, "బంగారం ఉంటే మనకేమొస్తుంది పాపా?" అనింది. జేజి వేలిముద్ర వేస్తుంది. మా ఇంట్లో పేరు రాసేది నేనే మొదలు. గని మళ్ళా తెరిస్తే రాయి మోసేవాళ్ళమే కాక, రాయిని పరీక్ష చేసి కాగితంలో సంతకం పెట్టేవాళ్ళం కూడా మనలో ఉండాలి. అందుకు సైన్సూ లెక్కలూ బాగా చదవాలి.

ప్రశ్న: బంగారం లాగే మెరిసే ఇనుప రాయి పేరేమి? తెలిసినవాళ్ళు ఈ కాగితం కింద రాయండి.

– 9వ తరగతి విద్యార్థిని