దేశమును ప్రేమించి కన్నీరు విడుచుట

పాఠ్యభాగము: లూకా 19:41–44. చదువవలసినవి: కీర్తన 51, యిర్మీయా 37:11–15, మత్తయి 5:9.



మన ప్రభువు యెరూషలేమును చూచి ఏడ్చెను. ఆ పట్టణమును ప్రేమించెను గనుకనే ఏడ్చెను. దేశమును ప్రేమించుట యనగా దాని తప్పును మెచ్చుకొనుట కాదని ఆ కన్నీరు మనకు బోధించుచున్నది. అమెరికా సైనికుడొకని జీవితము ఈ పాఠమును తేటపరచును.

1. ఉత్సాహము: రాన్ కోవిక్ 1946 జూలై 4న పుట్టెను. అది ఆ దేశపు స్వాతంత్ర్య దినము. అతడు భక్తిగల కతోలిక కుటుంబములో పెరిగెను. దేశసేవకు రమ్మని 1961లో అధ్యక్షుడు కెన్నెడీ ఇచ్చిన పిలుపు అతని హృదయమును తాకెను. 1964లో మెరైన్ దళమున చేరి, వియత్నాము యుద్ధమునకు వెళ్లివచ్చి, తానే కోరుకొని మరల వెళ్లెను. 1968 జనవరి 20న గుండుదెబ్బకు వెన్నుపాము చెడి, రొమ్ము మొదలుకొని క్రింది శరీరము చచ్చుబడెను. అప్పటికి అతనికి ఇరువది యొక సంవత్సరములు.

2. ఒప్పుకోలు: మాజీ సైనికుల ఆసుపత్రిలో మురికిని, ఎలుకలను, నిర్లక్ష్యమును అతడు చూచెను. అయినను, 1976లో వెలువడిన తన ఆత్మకథలో తాను పడిన బాధ మాత్రమే వ్రాయలేదు. యుద్ధపు గందరగోళములో తన గుండు తగిలియే తోటి సైనికుడొకడు మరణించెనని అతడు నమ్మెను. తన దళము జరిపిన కాల్పులలో ఒక పల్లెలోని పిల్లలు బలియైరి. వీటిని దాచక వ్రాసెను. తనకు తగిలిన గాయమును చూపుట సులభము. తాను చేసిన గాయమును చెప్పుట కష్టము. దావీదు కూడ తన పాపమును దాచక దేవుని యెదుట ఒప్పుకొనెను.

3. సాక్ష్యము: 1970 మే నెలలో కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయమున సైనికుల కాల్పులకు నలుగురు విద్యార్థులు మరణించిరి. ఆ తరువాత కోవిక్ యుద్ధమునకు విరోధముగా మాటలాడసాగెను. 1972లో అధ్యక్షుడు నిక్సన్ ప్రసంగించుచున్న పార్టీ మహాసభలో, చక్రాల కుర్చీలో కూర్చుండియే, యుద్ధము ఆపుమని కేకవేసెను. అతనిని బయటికి నెట్టివేసిరి, ద్రోహియని నిందించిరి. తన జనులను ప్రేమించిన యిర్మీయాను సయితము శత్రువుల పక్షమున చేరుచున్నావని పట్టుకొని కొట్టలేదా? 1975లో ఆ యుద్ధము ముగిసెను. 2003లో ఇరాకుపై యుద్ధము వచ్చినప్పుడు కోవిక్ మరల దానిని ఎదిరించెను.

4. మనకు పాఠము: మన సంఘముల బిడ్డలును సైన్యములో ఉన్నారు. వారిని గౌరవించి, వారికొరకు ప్రార్థింతము. కాని యుద్ధవార్తను తిరునాళ్ల వేడుకవలె వినకూడదు. అవతలి పల్లెలోను తల్లులున్నారు. మన ఊరిలో రెండు పక్షములు లేచినప్పుడు, “మావారు” అన్న మాట మన నోరు మూయించుచున్నదా? సమాధానపరచువాడు ఎదుటివారి తప్పులు లెక్కించుటకు ముందు తనవారు చేసిన కీడును ఒప్పుకొనును. అందుకు నింద రావచ్చును. అయినను దేవుని కుమారులన్న పేరు వారికే వాగ్దానము చేయబడినది.

ఆలోచించుడి:
(1) మనవారి తప్పును ప్రేమతో చెప్పగలమా?
(2) మన పగవలన గాయపడినవారెవరు?
(3) నడవలేనివారు మన గుడిమెట్లు ఎక్కుటకు ఏమి చేసితిమి?

ప్రార్థన: సమాధానకర్తవగు ప్రభువా, మా ఊరిని, మా దేశమును నీ కన్నీటితో ప్రేమించుట మాకు నేర్పుము. ఆమేన్.