మీ నాయిన ఫోను లాక్కోకు

పటాన్‌చెరు,
ఆదివారం

చిరంజీవి చిన్నోడికి మేనత్త దీవెనలు.

నువ్వు పంపిన మెసేజి చదివాను. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. "నాన్న దగ్గర ఆ ఫోను తీసేసుకో అత్తా, బటన్ల ఫోను కొనివ్వు, పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు నీ బీరువాలో పెట్టి తాళం వెయ్యి" అని రాశావు. కోపం మీద రాశావని ఎరుకే. అంత సొమ్ము పోతే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ ఆ పని నేను చేయను, నిన్నూ చేయనివ్వను. ఎందుకో ఫోనులో చెప్దామంటే సగంలోనే "మీటింగుంది అత్తా" అంటావు. అందుకే ఈ ఉత్తరం.

మీ నాయిన నీకు సగమే చెప్పాడు. వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా వేసుకున్నవాడొకడు కూర్చున్నాడు, వెనక జెండా, బల్ల మీద ఫైళ్లు. "మీ ఆధార్ మీద పార్సెల్ పోయింది, అందులో మత్తుమందు దొరికింది, మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు" అన్నాడు. కెమెరా ఆపొద్దు, ఎవరికీ చెప్పొద్దు. ఎదురింటామె కూర గిన్నె పట్టుకొచ్చి తలుపు కొడితే, ఒంట్లో బాగాలేదని లోపలి నుంచే పంపించేశాడు. మొదట గట్టిగానే ఎదురు మాట్లాడాడట. అప్పుడు వాడు నీ పేరు తీశాడు. పుణెలో నువ్వు చేసే కంపెనీ పేరు చెప్పి, "రేపు మీ అబ్బాయిని ఆఫీసులోంచే తీసుకొస్తాం" అన్నాడు. అక్కడ మెత్తబడ్డాడు బిడ్డా. ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి ఆర్టీజీఎస్ చేసింది తనకేమవుతుందోనన్న భయంతో కాదు. బ్యాంకులో పిల్ల "ఇంత మొత్తం ఎందుకంకుల్" అని అడిగితే, వాళ్లు నేర్పిన మాటే అప్పజెప్పాడు, కొడుకు ఇల్లు కొంటున్నాడని. నీ కోసం భయపడ్డ సంగతి నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఒట్టు తీసి గట్టున పెట్టాను.

ఆయన తెలివితక్కువవాడు కాడు. బీహెచ్ఈఎల్ మెషిన్ షాపులో మైక్రాన్ తేడా వస్తే ముక్క పక్కన పడేసిన మనిషి. 1796 నాటి మన సంగారెడ్డి జైలును మ్యూజియం చేసి, 2016లో ఐదు వందలు కడితే ఒక రోజు ఖైదీలాగా ఉండనిస్తామన్నప్పుడు, "ఎదురు పైసలిచ్చి అరెస్టయ్యేటోళ్లు కూడా ఉంటరా అక్కా" అని పడీపడీ నవ్వినవాడు. డిజిటల్ అరెస్టు అనేది ఏ చట్టంలోనూ లేదని 2024 అక్టోబర్ 27న ప్రధాని మన్ కీ బాత్‌లో చెప్పాడు. అదీ విన్నాడు. ఆ ఏడే లూధియానాలో వర్ధమాన్ గ్రూపు అధిపతి ఎస్.పి. ఓస్వాల్, ఎనభై దాటిన మనిషి, వీడియోలో నకిలీ సుప్రీంకోర్టును చూసి నమ్మి 7 కోట్లు పోగొట్టుకున్నాడు. పోలీసుల దగ్గరికి పోయాడు కాబట్టి 5 కోట్ల పైచిలుకు వెనక్కి దొరికింది. వేల మందిని నడిపించినవాడే పడ్డప్పుడు, మీ అమ్మ పోయాక ఒంటిగా ఉంటున్న మీ నాయిన పడటంలో వింతేముంది?

నీ దగ్గు తగ్గిందా? కంపెనీ క్యాంటీన్‌లో చల్లటి మజ్జిగ తాగకు. సాయంత్రం మిరియాల చారు పెట్టమని కోడలికి చెప్పు.

ఇక పని సంగతి. ఆ రాత్రే 1930కి ఫోను చేశాం. నేను పక్కన కూర్చున్నాను, మాట్లాడింది మీ నాయినే. ఏ బ్యాంకు, ఎంత, ఎన్ని గంటలకు, లావాదేవీ నంబరు ఎంత అని అడిగారు. గొంతు వణికింది కానీ ఒక్క అంకె తప్పు చెప్పలేదు. పోయిన సొమ్ము ఒకచోట కూర్చోదు. గంటల్లో అద్దె ఖాతాల్లోకి ముక్కలై పారిపోతుంది. ఫిర్యాదు నంబరు పడ్డాక ఒక బ్యాంకు వెంబడి ఒక బ్యాంకు వెతుక్కుంటూ పోయి, ఎక్కడ చిక్కితే అక్కడ ఆపుతాయి. మనది కొంత ఆగింది. అంతా ఆగలేదు. సిగ్గుకొద్దీ ఆ వాట్సాప్ మాటలన్నీ తుడిచేయబోతుంటే చేయి పట్టుకుని ఆపాను. వాడి నంబరు, వాడు పంపిన దొంగ కోర్టు కాగితం, ఖాతా వివరాలు అన్నీ ఫొటోలు తీసి పెట్టాం. తెల్లారి సైబర్ క్రైమ్ పోర్టల్‌లో వివరాలన్నీ నింపి, ఠాణాకు పోయాం. ఎవరైనా ఇది మా ఠాణా కిందికి రాదంటే వెనక్కి తిరగక్కర్లేదు. 2024 జులై 1 నుంచి నడుస్తున్న కొత్త నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా రాసుకోవాలి, ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి.

ఇప్పుడు అసలు మాట. ముద్ర! బ్యాంకుకు ఫోను చేసి చెప్పాను, మేనేజరుకు నోటిమాటగా చెప్పాను అంటే నేను ఒప్పుకోను. తెల్లకాగితం మీద దరఖాస్తు రాయాలి, రెండు ప్రతులు. ఒకటి వాళ్లకిచ్చి, రెండోదాని మీద "ముట్టింది" అని సంతకం, తేదీ, గంట, గుండ్రటి ముద్ర వేయించుకోవాలి. గంట కూడా! అత్తకు పాతకాలపు చాదస్తమని నవ్వుకుంటున్నావు కదూ? 2017 జులై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ చదువు. ఖాతాదారుడి తప్పు, బ్యాంకు తప్పు రెండూ లేకుండా మూడోవాడు సొమ్ము లాగేస్తే, మూడు పనిదినాల్లోపు చెప్తే ఖాతాదారుడికి నష్టం లేదు. ఓటీపీ తానే చెప్పి పోగొట్టుకుంటే, బ్యాంకుకు చెప్పేదాకా పోయింది ఖాతాదారుడిది, చెప్పిన తర్వాత పోయింది బ్యాంకుది. మీ నాయిన ఓటీపీ చెప్పడం కాదు, తన చేత్తో తానే పంపాడు. కాబట్టి పోయినదంతా బ్యాంకు కట్టాలని కొట్లాడితే లాభం లేదు, ఆ ఆశ నీకు పెట్టను. కానీ ఎప్పుడు చెప్పాం, చెప్పాక వాళ్లేం చేశారు అన్నదానికి సాక్ష్యం ఏది? ఆ ముద్రే. 30 రోజుల్లో బ్యాంకు నుంచి సరైన జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు, రూపాయి ఖర్చు లేదు, దారి తెలియకపోతే 14448కి ఫోను చేస్తే చెప్తారు. అక్కడా మొదట అడిగేది, బ్యాంకుకు ఎప్పుడు రాశారు అనే.

ఈ ముద్ర పిచ్చి నాకు ఊరికే పట్టలేదు. పాశమైలారంలో మందుల కంపెనీ స్టోర్సులో చేరిన కొత్తలో ఒక సాయంత్రం సాల్వెంట్ డ్రమ్ముల లారీ వచ్చింది. డ్రైవరు "వానొచ్చేట్టుంది మేడమ్, సంతకం పెట్టేయండి" అని తొందర. మా స్టోర్‌కీపర్ పెద్దాయన జొన్నరొట్టె తింటూ తింటూనే లేచొచ్చి, కాంటా చీటీ లేని లోడు లోడే కాదని లారీని వెనక్కి కాంటా మీదికి తోలించాడు. డ్రమ్ములు తక్కువున్నాయి. నెలల తర్వాత విచారణ పెట్టి స్టోర్సు వాళ్ల మీదికే నెట్టబోతే, గేటు ముద్ర, కాంటా గంట ఉన్న ఆ కాగితమే నా ఉద్యోగం నిలబెట్టింది. పెద్దాయన అప్పుడన్నాడు, "మనిషి మర్చిపోతడు, ముద్ర మర్చిపోదమ్మా" అని. ఇంట్లో కరెంటు బిల్లు రసీదులు కూడా దారానికి గుచ్చి పెడతానని నువ్వూ కోడలూ నవ్వుతారు. నవ్వండి. మీ నాయిన ఫైలు ఇప్పుడు నేనే కుట్టాను, నీలం అట్ట, మొదటి పేజీలో ఫిర్యాదు నంబరు.

అయితే ఆ కాగితాలన్నిటి మీదా సంతకం మీ నాయినదే ఉండాలి, బ్యాంకుకు తానే నడవాలి. నేను నీతో పోట్లాడుతున్నది దీనికోసమే. మీ నాయనమ్మ చీటీ సంగతి నీకు తెలుసు కదా. చీటీ నడిపినవాడు రాత్రికి రాత్రి ఊరొదిలి పోతే, మా నాయిన నలుగురి ముందు తిట్టాడు, బీరువా తాళాలు లాక్కున్నాడు. ఆ తర్వాత అమ్మ ఏదీ చెప్పడం మానేసింది. చెవి కమ్మలు తాకట్టు పెట్టినా చెప్పలేదు, రొమ్ములో గడ్డ చేతికి తగిలినా చెప్పలేదు. దవాఖానకు తీసుకుపోయేసరికి ఆలస్యమైంది. పోయిన చీటీ పైసలు నాకు గుర్తులేవు, ఆ నోరు మూసుకోవడమే గుర్తుంది. మోసగాడు బతికేది ఇంటివాళ్ల మీది భయం మీదే బిడ్డా. "ఎవరికీ చెప్పొద్దు" అని వాడు ఎందుకన్నాడనుకున్నావు? చెప్తే కొడుకు తిడతాడని ఆ ముసలి ప్రాణానికి ముందే తెలుసు. నువ్వు నిజంగానే తిడితే ఈసారి మనకు కబురే రాదు.

ఈసారి అని ఎందుకన్నానంటే, మళ్లీ వస్తారు. ఒకసారి పడ్డవాళ్ల నంబర్లు దొంగల చేతులు మారుతుంటాయి. "మీ సొమ్ము దొరికింది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి", "సైబర్ సెల్ నుంచి లాయరును మాట్లాడుతున్నాను" అని ఫోన్లొస్తాయి. మీ నాయినకు అప్పుడే ఒకటి వచ్చింది. నాకు చెప్పాడు, ఎందుకంటే నేను తిట్టలేదు. సర్కారు సొమ్ము తిరిగివ్వడానికి రుసుము అడగదు, ఫోనులో ఓటీపీ అడగదు. మనలాంటి పెద్ద మొత్తాల కేసుల్లో ఆపిన సొమ్ము వెనక్కి రావడానికి దారి కోర్టే. అదే నాగరిక్ సురక్షా సంహిత 503వ సెక్షన్ కింద మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకోవాలి, లేదంటే లోక్ అదాలత్. 2024లో మన తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో లోక్ అదాలత్‌ల ద్వారానే వేల మందికి సొమ్ము ఇప్పించింది. దానికి కోర్టు ఫీజు లేదు. సంగారెడ్డి కోర్టులో న్యాయసేవాధికార సంస్థను అడిగితే దారి చెప్తారు. రోజుల్లో అయ్యే పని కాదు, ఓపిక కావాలి.

కాగితం ఎంత దూరం పోతుందో ఇంకొకటి చెప్పి ఆపుతాను. హర్యానాలో అంబాలా నుంచి డెబ్బై దాటిన ఒకామె, భార్యాభర్తలిద్దరూ ఇట్లాగే దొంగ సుప్రీంకోర్టు ఉత్తర్వులు చూసి కోటికి పైగా పోగొట్టుకున్నాక, 2025 సెప్టెంబర్‌లో ఏకంగా ప్రధాన న్యాయమూర్తికే రాసింది. ఆ ఒక్క ఉత్తరాన్నే సుప్రీంకోర్టు అక్టోబర్‌లో తనంతట తాను కేసుగా తీసుకుంది. డిసెంబర్ 1న డిజిటల్ అరెస్టుల దర్యాప్తు సీబీఐకి అప్పజెప్పింది. ఆమె సిగ్గుపడి ఇంట్లో కూర్చుని ఉంటే?

మీ నాయిన ఇప్పుడు కొంచెం మేలు. మొదట్లో అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికేవాడు, రాత్రుళ్లు బాల్కనీలో తిరిగేవాడు. బీపీ మాత్రలు నేనే లెక్కపెడుతున్నాను. మనసు మరీ బరువైతే 14416 టెలి మానస్ ఉంది, పెద్దవాళ్లకని 14567 ఎల్డర్ లైన్ ఉంది, రెండు నంబర్లూ ఫ్రిజ్ మీద రాసి అంటించాను. అన్నిటికంటే మందు పార్కు బెంచీ అయింది. అమీన్‌పూర్‌లో ప్రీలాంచ్ ఫ్లాట్లకని సాహితీ ఇన్‌ఫ్రాటెక్‌కు కట్టి కూర్చున్న రిటైర్డు వాళ్లు ఇద్దరు ముగ్గురు పొద్దున అక్కడికొస్తారు. 2022 డిసెంబర్‌లో ఆ కంపెనీ యజమాని అరెస్టయ్యాడు, 2024లో ఈడీ పట్టుకుంది, ఇల్లు మాత్రం ఇంకా చేతికి రాలేదు. వాళ్లు గుంపుగా తిరుగుతున్నారు, ఒకరి కాగితం ఒకరు చదువుతున్నారు. వాళ్లకు మీ నాయిన తన కథ చెప్తే, ఇంకొకాయన తలొంచుకుని "నాక్కూడా వచ్చింది ఆ కాల్" అన్నాడట. ఆ రోజు ఇంటికొచ్చి రెండు రొట్టెలు తిన్నాడు.

ఫోను గురించి నీకంత బెంగుంటే దానికీ పద్ధతుంది. పింఛను వచ్చే ఖాతా వేరు, డిపాజిట్ల ఖాతా వేరు పెట్టించు. రోజుకు పంపగలిగే మొత్తం తగ్గించు. ఆయన పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో సంచార్ సాథీలో చూడు. పిన్నులన్నీ మార్పించు, మార్చేటప్పుడు ఆయన వేళ్లతోనే మార్పించు. పెద్ద మొత్తం కదిలించే ముందు మన ముగ్గురిలో మిగతా ఇద్దరికి చెప్పాలన్నది ఇంటి నియమం చేద్దాం. నీకూ అదే నియమం, నాకూ అదే.

పుణెలో రాత్రి బస్సెక్కితే తెల్లారి పటాన్‌చెరులో దిగొచ్చు. ఈ నెలలోనే ఒకసారి రా. కోర్టుకు, బ్యాంకుకు ఆయన్ను ముందు నడవనియ్యి, నువ్వు ఫైలు పట్టుకుని వెనక నడువు. పైసలు ఎంత వెనక్కి వస్తాయో నేను చెప్పలేను. మీ నాయినను మాత్రం వెనక్కి తెచ్చుకోవడం నీ చేతిలో ఉంది. వచ్చేముందు ఒకసారి ఫోను చేసి, పైసల మాట ఎత్తకుండా, తిన్నావా అని అడుగు.

ఇట్లు,
మీ అత్త