పాస్‌వర్డ్ కూడా అమానతే

అమానతు అనగానే మనకు పొరుగువారు దాచమని ఇచ్చిన డబ్బు, నగలు గుర్తుకొస్తాయి. హిజ్రత్ సందర్భంగా మహాప్రవక్త (స) మక్కా వదిలి వెళుతూ, తన వద్ద జనం దాచుకున్న సొమ్మును ఎవరిది వారికి ముట్టజెప్పేందుకు హజ్రత్ అలీ (రజి)ను అక్కడే ఉంచి వెళ్లిన సంగతి తెలిసిందే. ప్రాణాపాయంలోనూ ఆయన అమానతును మరువలేదు. దివ్యఖుర్ఆన్‌లోని ‘నిసా’ సూరా 58వ ఆయతు ఆదేశం కూడా అమానతులను హక్కుదారులకే అప్పగించాలన్నదే.

మరి మన ఫోనులో ఉన్నదంతా మనదేనా? బంధువుల నంబర్లు, ఇంటి ఆడవాళ్ల ఫోటోలు, మస్జిదు చందా లెక్కలు, దుబాయిలో ఉన్న తమ్ముడు పంపిన పాస్‌పోర్టు నకలు... ఇవి ఇతరులు మనల్ని నమ్మి ఇచ్చినవి. వాటన్నిటికీ ఉన్న తాళం ఒక్కటే, పాస్‌వర్డ్.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాలు 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరాఫీసు దగ్గరికొచ్చింది గానీ పనులు ఆన్‌లైన్లోకి వెళ్లిపోయాయి. 2014లో మొదలైన షాదీ ముబారక్ దరఖాస్తయినా, పిల్లల స్కాలర్‌షిప్పయినా, హజ్ దరఖాస్తయినా ఇంటర్నెట్ షాపు మెట్లెక్కవలసిందే. అక్కడ కుర్రవాడు అడిగిందే తడవుగా ఫోను చేతికిచ్చి, నలుగురిలో పిన్ను పైకి చదివి వినిపించే పెద్దలు ఎందరో! కుర్రవాడు మంచివాడే కావచ్చు. వెనక వరుసలో నిలబడ్డవాడి సంగతేమిటి?

షాపులో పని ఉంటే ఓటీపీ మీరే చూసి మీరే టైపు చేయండి. పాస్‌వర్డ్ భద్రపరచాలా అని కంప్యూటర్ అడిగితే వద్దని నొక్కండి, లాగౌట్ అయ్యాకే లేవండి. ఇంటికొచ్చాక సొంత ఫోనులో పాస్‌వర్డ్ మార్చుకుంటే ఇంకా మేలు.

ఇక పాస్‌వర్డ్ ఎలా ఉండాలి? మనవాళ్లలో చాలామంది పిల్లల పేరు పెట్టి, చివర 786 తగిలిస్తారు. బరకత్ కోసమని అనుకుంటారు కాబోలు! మనకు తెలిసిన ఆ అంకె దొంగకూ తెలుసు. పుట్టినతేదీ అంతకన్నా బలహీనం. నూరేళ్ల తేదీలన్నీ కలిపినా ముప్పై ఏడు వేలు దాటవు. కంప్యూటరుకు అది రెప్పపాటు పని.

2009లో రాక్‌యూ అనే అమెరికా కంపెనీ నుంచి 3 కోట్ల 20 లక్షలకు పైగా పాస్‌వర్డులు దొంగలపాలయ్యాయి. వాటిలో అందరికన్నా ఎక్కువమంది పెట్టుకున్నది 123456. ఇలా ఒకచోట దొరికిన పాస్‌వర్డును దొంగలు మిగతాచోట్ల కూడా వేసి చూస్తారు. అందుకే ఒక్క తాళంచెవి అన్ని తలుపులకూ పనికిరాకూడదు. ముఖ్యంగా ఈమెయిల్‌కు వేరే పాస్‌వర్డ్ తప్పనిసరి. ఎందుకంటే మిగతా ఖాతాల పాస్‌వర్డులు మార్చే దారి సాధారణంగా ఆ ఈమెయిల్ గుండానే పోతుంది.

సంబంధంలేని నాలుగు మాటలు కలపండి: బిందె, రైలు, మిరప, కిటికీ. వీటిని ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాస్తే పొడవూ ఉంటుంది, గుర్తూ ఉంటుంది. (ఇక్కడ అచ్చయింది కనుక ఇదే పెట్టుకోవద్దు!) గుర్తుండకపోతే నోటుపుస్తకంలో రాసి బీరువాలో పెట్టడం తప్పు కాదు. ఫోను కవరు వెనక చీటీ పెట్టడం మాత్రం తప్పే.

“పొరపాటున నా కోడ్ మీకొచ్చింది, కాస్త చెప్పండి” అని తెలిసినవారి పేరుతోనే సందేశం రావచ్చు. ఆ ఆరంకెలు చెబితే మీ వాట్సాప్ వాడిది. ఆపై మీ పేరుతో మీ చెల్లెలినీ, వియ్యంకుడినీ అప్పు అడుగుతాడు. మీరు అడిగారనే వాళ్లు ఇస్తారు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్ కింద ‘టూ స్టెప్ వెరిఫికేషన్’ ఉంటుంది. దానికి పిన్ పెట్టండి. గల్ఫ్‌లో ఉన్నవారు ఇక్కడి సిమ్‌ను రీచార్జి లేకుండా వదిలేస్తే ఆ నంబరు కొంతకాలానికి వేరొకరికి వెళుతుంది, దానితోపాటే ఓటీపీలూ వెళతాయి.

“అల్లాహ్ చూసుకుంటాడులే” అనేవారికి తిర్మిజీలోని ఒంటె హదీసు గుర్తుచేయాలి. ఒంటెను కట్టివేసి, ఆ తర్వాతే అల్లాహ్‌పై భారం వేయమన్నారు ప్రవక్త (స).

డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930కు ఫోన్ చేయండి, బ్యాంకుకూ తెలపండి. సిగ్గుపడి దాచవద్దు. కస్టమరే పిన్ను, ఓటీపీ చెప్పి ఉంటే బ్యాంకుకు తెలిపేవరకు పోయిందంతా అతని భారమేనని 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వులో ఉంది. అంటే ఆలస్యమైన ప్రతి గంటా ఇంటివారి మీదే పడుతుంది.

వసియ్యతు రాసేటప్పుడు ఈ సంగతి కూడా చూడండి. బ్యాంకు ఖాతాకు నామినీ పేరు ఉందో లేదో సరిచూసుకోండి, పిన్ను రాయనవసరం లేదు. మీ దగ్గర మస్జిదు లెక్కలో, అనాథ పిల్లల సొమ్ము వివరాలో ఫోనులో ఉంటే, వాటిని తెరిచే మార్గం సీలు వేసిన కవరులో పెట్టి, ఆ కవరు ఎక్కడుందో నమ్మకస్తుడైన ఒకరికి చెప్పి ఉంచండి.