కరెన్సీ నోట్లపై సూక్ష్మజీవులు: ప్రమాదం ఎంత?

మిరపకాయ బజ్జీల బండి దగ్గర ఒకే చెయ్యి రెండు పనులు చేస్తుంది. బజ్జీలు పొట్లం కడుతుంది, డబ్బు పుచ్చుకుని చిల్లర ఇస్తుంది. ఆ చేతికి వచ్చిన పది రూపాయల నోటు అంతకుముందు చేపల మార్కెట్లో, బస్సు కండక్టరు సంచిలో, మందుల దుకాణంలో తిరిగి ఉండవచ్చు. దానితోపాటు ఇంకేం వస్తాయి?

మన నోట్లను పత్తి పీచుతో తయారైన కాగితంపై ముద్రిస్తారు. ఇది మామూలు కాగితం కంటే గట్టిది. అయితే చెమట, నూనె, మురికి దీని పీచులోకి ఇంకిపోతాయి. ఆ తేమ, మురికి సూక్ష్మజీవులకు ఆశ్రయమిస్తాయి. చిన్న నోట్లు ఎక్కువ చేతులు మారతాయి కాబట్టి త్వరగా మాసిపోతాయి.

ఢిల్లీలోని ఐజీఐబీ శాస్త్రవేత్తలు చిరు వ్యాపారుల నుంచి సేకరించిన 10, 20, 100 రూపాయల నోట్లపై ఉన్న డీఎన్ఏను పరిశీలించారు. 2015లో ప్రచురితమైన ఈ అధ్యయనంలో వ్యాధికారకాలు కాగల 78 రకాల సూక్ష్మజీవుల జాడలు కనిపించాయి. చర్మంపై పుండ్లకు కారణమయ్యే స్టెఫిలోకాకస్ ఆరియస్ వాటిలో ఒకటి. యాంటీబయాటిక్ మందులను తట్టుకునే శక్తినిచ్చే 18 జన్యువులు కూడా బయటపడ్డాయి. ఆలోచించవలసిన విషయం ఇదే. ఇటువంటి జన్యువులను బాక్టీరియాలు ఒకదానికొకటి అందించుకోగలవు.

అయితే డీఎన్ఏ దొరికినంత మాత్రాన సూక్ష్మజీవి బతికే ఉందని అర్థం కాదు. చచ్చిన బాక్టీరియా డీఎన్ఏ కూడా ఈ పరీక్షలో కనిపిస్తుంది. బతికి ఉన్నా, జబ్బు కలగాలంటే తగినంత సంఖ్యలో నోటు నుంచి చేతికి, చేతి నుంచి నోటికో ముక్కుకో కంటికో చేరాలి. స్విట్జర్లాండ్‌లో 2008లో వెలువడిన అధ్యయనంలో ఫ్లూ వైరస్ నోటుపై మూడు రోజుల వరకు నిలిచింది. ముక్కు చీమిడితో కలిసినప్పుడు 17 రోజుల వరకు కూడా బతికింది. అంటే నోటుకు అంటిన మురికే వైరస్‌కు కవచం. కోవిడ్ కాలంలో నోట్లను చూసి జనం భయపడ్డారు. కానీ ఆ వ్యాధి ప్రధానంగా గాలి ద్వారా, దగ్గరి మనుషుల నుంచే వ్యాపించింది.

కాబట్టి ప్రమాదం నోటులో కంటే అలవాట్లలో ఎక్కువ. ఉమ్మి తడితో నోట్లు లెక్కపెడితే రెండు వైపులా నష్టం: నోటు మీది క్రిములు నాలుకకు, నోటిలోవి నోటుకు చేరతాయి. తడి స్పాంజి వాడితే సరిపోతుంది. తినుబండారాల దుకాణంలో డబ్బు తీసుకోవడానికి ఒకరు, వడ్డించడానికి మరొకరు ఉంటే మేలు. ఒక్కరే ఉన్నప్పుడు పటకారు, గరిటె వాడాలి. చేతి తొడుగుతోనే డబ్బూ ముట్టి తిండీ ముట్టితే, తొడుగు ఉన్నా లేనట్టే. పసిపిల్లలకు ఆడుకోవడానికి నోట్లు, నాణేలు ఇవ్వకూడదు. నాణెం గొంతులో అడ్డుపడితే ప్రాణాపాయం.

నోట్లను కడగనక్కరలేదు, శానిటైజర్‌లో ముంచనక్కరలేదు. డబ్బు ముట్టుకున్నాక, తినే ముందు సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కుంటే నోటు మోసుకొచ్చిన క్రిములు చాలావరకు నీళ్లతోనే పోతాయి.