లినక్స్ ఎక్కించినం, వైఫై వస్తలేదు: ఏం చేయాలి, ఎట్లా అడగాలి?



మన కంప్యూటర్ గదిలోని పాత లాప్‌టాప్ ఇప్పుడు లినక్స్ మీద నడుస్తున్నది. "విండోస్ ఎందుకు తీసేసినారు? ఇది ఏమిటి కొత్తగా?" అని చాలామంది అడుగుతున్నారు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. అంటే లాప్‌టాప్ ఆగిపోయిందని కాదు. కొత్తగా బయటపడే లోపాలకు సవరణలు రావు, కాబట్టి వైరస్ భయం ఎక్కువ. విండోస్ 11 ఎక్కిద్దామంటే అది పాత ప్రాసెసర్లను ఒప్పుకోదు. ఇక స్టోర్ రూములో విరిగిన మంచాల పక్కన పెట్టవలసిందే అన్నారు. మన చేతికి ఇచ్చే లాప్‌టాప్ అదొక్కటే అని మీకు తెలుసు కదా.

లినక్స్‌ను 1991లో ఫిన్లాండ్ దేశంలో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. అప్పుడు ఆయన వయసు 21 ఏళ్లు. 1992లో దానిని జీపీఎల్ అనే లైసెన్సు కిందికి తెచ్చాడు. ఆ లైసెన్సు ప్రకారం ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చి ఇతరులకు పంచితే మార్చిన కోడ్ కూడా వాళ్లకు ఇవ్వాలి. లినక్స్‌లో చాలా రకాలు ఉన్నాయి. మనది లినక్స్ మింట్. దానికి కనీసం 2 జీబీ మెమరీ కావాలి, మన లాప్‌టాప్‌లో 4 ఉన్నది. పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ముందు అక్కడి నుంచే నడిపి చూసి, మన ఫైళ్లన్నీ వేరేచోట దాచుకొని, తర్వాత ఎక్కించాలి. ఇది అరగంట పని, కష్టం లేదు.

కష్టం తర్వాత వచ్చింది. అన్నీ పని చేస్తున్నాయి కానీ వైఫై గుర్తే కనిపించలేదు.

ఎందుకు? లాప్‌టాప్ లోపల వైఫై కోసం ఒక చిన్న చిప్ ఉంటుంది. దానితో మాట్లాడటానికి డ్రైవర్ అనే ప్రోగ్రాము కావాలి. చాలా చిప్‌ల డ్రైవర్లు లినక్స్‌లోనే ఉంటాయి. కొన్ని కంపెనీలు మాత్రం తమ చిప్ ఎట్లా పని చేస్తుందో బయటికి చెప్పవు. అటువంటి వాటి డ్రైవర్ విడిగా తెచ్చుకోవాలి. తేవాలంటే ఇంటర్నెట్ కావాలి. ఇంటర్నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి! నీళ్లు తోడే బొక్కెన బావిలోనే పడ్డట్టు ఉన్నది.

ఇక్కడ అసలు విషయం చెప్తాను. లినక్స్ వాడేవాళ్లు చాలా నగరాల్లో గుంపులుగా ఉంటారు. డబ్బు తీసుకోకుండా సహాయం చేస్తారు. వార్డెన్ మేడం గారి ఫోన్ నుంచి అటువంటి వాళ్లను అడిగినాము. కానీ ఏమని అడగాలి?

"అన్నా, వైఫై వస్తలేదు" అంటే వాళ్లేం చెప్పగలరు? నర్సమ్మ దగ్గరికి పోయి "పానం మంచిగ లేదు" అంటే ఆమె వెంటనే గోలీ ఇస్తుందా? ఎప్పటి నుంచి, జ్వరమా, విరేచనాలా, ఏం తిన్నవు అని అడుగుతుంది. వాళ్లు కూడా మమ్మల్ని తిరిగి మూడు ప్రశ్నలు అడిగినారు. ఏ లినక్స్, ఎన్నో వెర్షన్? వైఫై చిప్ నంబరు ఏంది? తెర మీద వచ్చిన మాటలు ఏంటి, ఉన్నది ఉన్నట్టు చదవండి అన్నారు.

చిప్ నంబరు తెలుసుకోవడానికి టెర్మినల్ అనే నల్ల కిటికీ తెరిచి 'ఎల్ఎస్‌పీసీఐ' అని, ఒక ఖాళీ ఇచ్చి, చిన్న అడ్డగీత పెట్టి 'ఎన్ఎన్' అని కొట్టాలి. చాలా వరుసలు వస్తాయి. అందులో నెట్‌వర్క్ అని ఉన్న వరుస చివర బ్రాకెట్టులో నాలుగేసి అంకెలు, అక్షరాలతో రెండు ముక్కలు, మధ్యన రెండు చుక్కలు ఉంటాయి. అదే నంబరు. లాప్‌టాప్ పేరు చెప్తే సరిపోదు, ఎందుకంటే ఒకే పేరున్న లాప్‌టాప్‌లలో కూడా వేరు వేరు చిప్‌లు ఉండవచ్చు.

నంబరు చెప్పగానే మార్గం చెప్పినారు. ఫోనును ఛార్జింగ్ వైరుతో లాప్‌టాప్‌కు కలిపి, ఫోను సెట్టింగులలో యూఎస్‌బీ టెథరింగ్ నొక్కాలి. దీనికి వైఫై డ్రైవర్ అక్కర లేదు. తర్వాత మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ తెరిస్తే అదే వెతికి చూపిస్తుంది. ఎక్కించి రీస్టార్ట్ చేయాలి.

చేసినాము. అయినా రాలేదు.

అప్పుడు టెర్మినల్‌లో 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' అని వచ్చింది. నేను అక్షరం అక్షరం కాగితం మీద రాసి, చదివి వినిపించినాను. "డ్రైవర్ పాడైంది" అని మన సొంత మాటలో చెప్తే వాళ్లు డ్రైవర్ గురించే వెతికేవారు. కానీ ఆ వాక్యానికి అర్థం వేరు: డ్రైవర్ బాగానే ఉన్నది, దాని మీద సంతకాన్ని లాప్‌టాప్ ఒప్పుకోవడం లేదు అని.

సెక్యూర్ బూట్ అనే కాపలా ఒకటి ఉంటుంది. గేటు దగ్గర వాచ్‌మెన్ తాత ఔట్‌పాస్ మీద సంతకం చూసినట్టు, అది ప్రోగ్రాముల సంతకం చూస్తుంది. మన డ్రైవర్ మన లాప్‌టాప్‌లోనే తయారైంది కాబట్టి దాని సంతకం కాపలాకు కొత్త. అందుకే డ్రైవర్ ఎక్కించేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ కాగానే నీలం తెర వస్తుంది. పది సెకన్లలోపు ఏదో ఒక మీట నొక్కాలి. 'ఎన్‌రోల్ మోక్' ఎంచుకొని, కంటిన్యూ, యెస్ అని, ఆ పాస్‌వర్డ్ కొట్టాలి. పది సెకన్లు దాటితే ఏమీ అనకుండా మామూలుగా తెరుచుకుంటుంది. మన లాప్‌టాప్‌కు ఆ నీలం తెర వచ్చినప్పుడు భోజనం గంట కొట్టింది, గదిలో ఎవరూ లేరు.

'మోక్‌యుటిల్' అనే ఆదేశంతో ఆ తెరను మళ్లీ రప్పించవచ్చు. వాళ్లు చెప్పినట్టు రప్పించి, ఈసారి నలుగురం ఎదురుగా కూర్చున్నాము. తెరుచుకోగానే వైఫై గుర్తు వచ్చింది. కొందరు సెక్యూర్ బూట్‌నే ఆపేస్తారట. నా అభిప్రాయంలో అది దొంగకు తలుపు తీసినట్టు. ఒక్క సంతకం చూపిస్తే అయ్యే పనికి కాపలానే తీసేయడం ఎందుకు?

మనలో చాలామందికి ఇంట్లో చదువు సంగతి అడగడానికి ఎవరూ లేరు. క్లాసులో అర్థం కాకున్నా తల ఊపుతాము, నవ్వుతారని. ఫోనులో మాట్లాడిన అక్క మాత్రం మా కోయ యాసకు నవ్వలేదు. "చిప్ నంబరు మళ్లా చెప్పు చెల్లె" అని మాత్రమే అన్నది. డబ్బులు అడగలేదు. పని అయ్యాక ఏది చేస్తే అయిందో తిరిగి చెప్పమన్నది, అదే చిప్ ఉన్న ఇంకొకరికి పనికొస్తుందని. ఆ సాయంత్రమే చెప్పినాము. కంప్యూటర్ గది రిజిస్టరు చివరి పేజీలో కూడా చిప్ నంబరు, నీలం తెర సంగతి రాసి పెట్టినాము, చూడండి.

ఇంకొకటి మిగిలింది. స్పీకరులో శబ్దం వస్తున్నది కానీ ఇయర్‌ఫోన్ పెడితే రావడం లేదు. దాని చిప్ నంబరు రాసుకున్నాను. వార్డెన్ మేడం గారు అనుమతిస్తే ఆదివారం అడుగుతాము.