ముందు చక్రముల వరుస – పంచాయతీ బండి సంరక్షణ

చెత్త తరలించుటకును, నీటి పైపులు, వీధి దీపముల సామగ్రి తెచ్చుటకును నేడు అనేక గ్రామములలో పికప్ బండ్లు ఉపయోగపడుచున్నవి. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణచే చేర్చబడిన 11వ షెడ్యూలులో పారిశుద్ధ్యమును, రోడ్లును పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. ఈ రెంటికిని సంబంధించిన యొక చిన్న పాఠమును సభ్యుల యెదుట నుంచుచున్నాము.

కొంతకాలము క్రిందట మేము పర్యటనలో నొక గ్రామమునకు పోయితిమి. పంచాయతీ సమావేశములో తగవు నడచుచుండెను. బండికి కొత్తగా వేసిన ముందు టైర్లు కొలది నెలలకే అంచులు నున్నగా అరిగిపోయినవి. డ్రైవరు అజాగ్రత్తగా నడిపెనని కొందరు, కొత్త టైర్లు అమ్ముకొని పాతవి బిగించెనని మరికొందరు అనిరి. టైర్ల ధరను అతని జీతమునుండి కోయవలెనని తీర్మానము వ్రాయబోవుచుండగా, వృద్ధుడైన సభ్యుడొకరు “బండిని చూడకుండ మనిషిని తప్పుపట్టుట న్యాయమా?” అని ఆపిరి. మెకానిక్కును పిలిపించి చూపగా టై రాడ్ వంగియున్నట్లు తేలెను. కల్వర్టు వద్ద గుంతలో చక్రము పడిన నాటినుండి బండి ఎడమకు లాగుచున్నదని డ్రైవరు మొదటనే చెప్పియుండెను. ఎవరును చెవినిడలేదు.

మూడు కొలతలు

కాడికి కట్టిన ఎడ్లు చెరియొక వైపునకు లాగినచో బండి చక్కగా సాగదు. ముందు చక్రముల సంగతియు నట్టిదే. వాని వరుసను మూడు కొలతలు నిర్ణయించును.

టో: పైనుండి చూచినపుడు రెండు చక్రముల ముందు అంచులు దగ్గరగా నున్నవా, ఎడముగా నున్నవా యనునది.

క్యాంబర్: ముందునుండి చూచినపుడు చక్రము నిటారుగా నున్నదా, లోనికో వెలికో ఒరిగినదా యనునది.

క్యాస్టర్: చక్రము మలుపు తిరుగు ఇరుసు, ప్రక్కనుండి చూచినపుడు, వెనుకకు వాలియుండుట. మలుపు తరువాత స్టీరింగు తనంతట సరియైన స్థానమునకు వచ్చుటకు ఇది తోడ్పడును.

వీనిలో టైరును మిక్కిలి త్వరగా తినివేయునది టో దోషము. 600 మిల్లీమీటర్ల వ్యాసముగల చక్రము ముందు వెనుకలకు 3 మిల్లీమీటర్లు వంకరగా నున్నదనుకొందము. అది 200కు 1 వంతు. అనగా కిలోమీటరు నడచునప్పటికి ఆ టైరు 5 మీటర్లు ప్రక్కకు ఈడ్వబడినంత రాపిడికి లోనగును.

గుర్తించుట యెట్లు?

తిన్నని రోడ్డుపై బండి ఒక ప్రక్కకు లాగుట, నేరుగా పోవునపుడు స్టీరింగు వంకరగా నుండుట మొదటి గుర్తులు. టైరుపై అరచేతిని అడ్డముగా రాచినపుడు ఒక దిశలో నునుపుగాను, మరియొక దిశలో గరుకుగాను తోచినచో టో దోషమని శంకింపవలెను. ఒకే అంచు అరిగిన క్యాంబర్‌ను చూపించవలెను. రెండు అంచులును అరిగిన గాలి తక్కువ. నడుమ అరిగిన గాలి ఎక్కువ. వేగమున స్టీరింగు వణకుట తరచు బ్యాలెన్సింగు లోపము. అది వేరు పని.

టోను స్థూలముగా గ్రామముననే చూడవచ్చును. చదునైన నేలపై బండి నిలిపి, గాలి సరిచేసి, వెనుక చక్రములకు అడ్డు పెట్టవలెను. ముందు చక్రమును జాకీతో లేపి, త్రిప్పుచు, టైరు నడుమ సుద్దతో గీత గీయవలెను, రెండవదానికిని అట్లే. జాకీ మీదనున్న బండి క్రిందికి ఎవరును దూరరాదు. పిమ్మట బండిని దించి, స్టీరింగు నేరుగా నుంచి, కొంత ముందుకు త్రోయవలెను. ఇరుసు ఎత్తున రెండు గీతల నడుమ దూరమును ముందువైపునను, వెనుకవైపునను కొలువవలెను. ఆ తేడాయే టో. అది బండి పుస్తకములోని కొలతకు సరిపోనిచో మెకానిక్కు వద్దకు పంపవలెను. బాల్ జాయింట్లు, బేరింగులు వదులుగా నున్నచో ముందు వానిని మార్చక వరుస సరిచేయుట వ్యర్థము.

సభ్యుల కర్తవ్యము

డ్రైవరు చెప్పు లోపములను లాగ్ బుక్కులో తేదీతో వ్రాయించవలెను. టైర్లు మార్చినపుడును, చక్రము పెద్ద గుంతలో పడినపుడును వరుస చూపించవలెను. సరిచేయకముందు, సరిచేసిన పిమ్మట కొలతలు గల చీటీని బిల్లుకు జతపరచవలెను. మితిమీరిన బరువు వేయరాదు.

పైన చెప్పిన గ్రామమున ఆ తీర్మానము వ్రాయబడలేదు. దానికి బదులు కల్వర్టు వద్ద గుంతను పూడ్చుటకు తీర్మానించిరి. డ్రైవరు జీతము దక్కెను. అంతకుమించి, అతని మాటకు విలువ దక్కెను.